జమానత్ కాగితంలో లేని మాట

1924 తర్వాత ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ నగరంలో తయారైన ఒక మోటార్ సైకిల్ కొన్నవాళ్ళకు బండితో పాటు ఒక కాగితం కూడా అందేది. ఈ బండిని మేం స్వయంగా నడిపి చూశాం, పావు మైలు దూరం మీద ఇది గంటకు 100 మైళ్ళ వేగం అందుకుంది అని ఆ కాగితం సారాంశం. కింద తయారు చేసినాయన దస్తఖత్. గంటకు 100 మైళ్ళంటే మన లెక్కలో 160 కిలోమీటర్లు. ఇది వందేళ్ళ కిందటి మాట. మన దగ్గర చాలా ఊళ్ళల్లో సవారీ అంటే ఎడ్లబండి, లేకపోతే టాంగా.

ఆ బండి పేరు బ్రఫ్ సుపీరియర్ ఎస్ఎస్ 100. చేసినాయన పేరు జార్జ్ బ్రఫ్.

ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆ కాగితం గురించి చదవగానే నాకు గుర్తొచ్చిన మాట గ్యారంటీ కాదు, జమానత్. గ్యారంటీ కంపెనీ ఇస్తుంది. జమానత్ వెనక మాత్రం ఒక మనిషి నిలబడి ఉంటాడు. కచేరీలో ఒకరి కోసం ఇంకొకరు జామీన్ ఉంటారు. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే జామీన్ ఉన్నవాడి ఇజ్జత్ పోతుంది. జార్జ్ బ్రఫ్ తన బండికి అట్లా జామీన్‌గా నిలబడ్డాడు. ఈ బండి నేను చెప్పినట్టు పరుగెత్తకపోతే నన్ను అడుగు అన్నాడు.

ఆయన మాట తప్పలేదు. కానీ ఆ కాగితంలో ఒక సంగతి లేదు. బండి వేగానికి జమానత్ ఉంది, బండి ఎక్కినవాడి తలకు లేదు. ఆ రోజుల్లో ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని లోకానికి తెలియడానికి ఒక మషూర్ మనిషి మౌత్ కావాల్సి వచ్చింది. ఆయన కూడా బ్రఫ్ సుపీరియర్ మీదే పోయాడు. అరబ్బుల తారీఖ్ చదివినవాళ్ళకు ఆయన పేరు బాగా తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు బండి కిస్సా.

బాప్ బండి, బేటా బండి

నాటింగ్‌హామ్ ఇంగ్లాండు నడిమధ్యలో ఉన్న కార్ఖానాల ఊరు. లేసు అల్లకానికి పేరు. ర్యాలీ సైకిళ్ళు పుట్టింది కూడా అక్కడే. మన తాతల కాలంలో పెళ్ళికొడుక్కి ర్యాలీ సైకిల్ పెట్టారంటే వీధంతా చెప్పుకునేవాళ్ళు కదా, ఆ ర్యాలీ.

ఆ ఊళ్ళోనే విలియం బ్రఫ్ అనే ఆయన 1900ల తొలి ఏళ్ళ నుంచి మోటార్ సైకిళ్ళు చేసేవాడు. ఆయన కొడుకు జార్జ్. పుట్టింది 1890లో. చిన్నప్పటి నుంచీ నాన్న కార్ఖానాలో నూనె మరకల మధ్యే పెరిగాడు. పందాల్లో నాన్న బండ్లే నడిపాడు.

బాప్ బేటాల మధ్య పేచీ ఇంజన్ దగ్గర వచ్చింది. నాన్నకు రెండు సిలిండర్లు నేలకు సమాంతరంగా ఎదురెదురుగా పడుకుని ఉండే ఇంజన్ అంటే ఇష్టం. అది నెమ్మదస్తుల బండి. కొడుక్కి మాత్రం రెండు సిలిండర్లు వి ఆకారంలో నిలబడే పెద్ద ఇంజన్ కావాలి. జోరుండాలి, ఖరీదు ఎంతైనా పర్వాలేదు, లోకంలో అంతకంటే మంచి బండి ఉండకూడదు. 1919లో జార్జ్ తన వాటా తీసుకుని వేరుపడ్డాడు. అదే ఊళ్ళో హేడన్ రోడ్డులో సొంత కార్ఖానా పెట్టుకున్నాడు.

పేరు విషయంలో ఒక కిస్సా చెబుతారు. బ్రఫ్ అన్న ఇంటిపేరు అప్పటికే నాన్న బండ్ల మీద ఉంది. తేడా తెలియాలి కదా అని జార్జ్ తన బండికి సుపీరియర్ అని తోక తగిలించాడు. శ్రేష్ఠం అని అర్థం. అది విని నాన్న, అయితే నా బండి నాసిరకం అన్నమాట అన్నాడట. ఆ మాటలో నవ్వెంతుందో, నొప్పెంతుందో మనం ఊహించుకోవాల్సిందే. 1920ల మధ్యకల్లా నాన్న మోటార్ సైకిళ్ళ కార్ఖానా ఆగిపోయింది. కొడుకు పేరు దేశం దాటింది.

బావర్చీ లాంటి కారీగర్

బ్రఫ్ సుపీరియర్ గురించి ఒక సంగతి తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. అంత పేరున్న ఆ బండిలో ముఖ్యమైన భాగాలు జార్జ్ సొంతంగా చేసినవి కావు. ఇంజన్ లండన్ టోటెన్‌హామ్‌లోని జె.ఎ. ప్రెస్ట్‌విచ్ కంపెనీది. దాన్ని అందరూ జాప్ ఇంజన్ అనేవాళ్ళు. 1930ల మధ్య నుంచి మ్యాచ్‌లెస్ కంపెనీ ఇంజన్లు వాడాడు. గేర్‌బాక్సు నాటింగ్‌హామ్‌లోనే ఉన్న స్టర్మీ ఆర్చర్ వాళ్ళది. ఎస్ఎస్ 100కు పెట్టిన ముందు ఫోర్కు అమెరికా హార్లీ డేవిడ్‌సన్ ఫోర్కు నమూనా చూసి మెరుగుపరిచింది.

మరి ఆయన చేసిందేమిటి అని అప్పట్లోనే కొందరు ఎత్తిపొడిచారు. నాకు మాత్రం షాదీలో దేగ్ దించే బావర్చీ గుర్తొస్తాడు. బియ్యం ఆయన పండించడు. గోష్ ఆయన కొట్టడు. జాఫ్రాన్ ఎక్కడో కశ్మీర్ నుంచి వస్తుంది. అయినా బిర్యానీ ఎవరిది అంటే బావర్చీదే అంటాం. ఏ బియ్యం, ఎన్నేళ్ళ పాతది, ఎప్పుడు దమ్ పెట్టాలి, ఎప్పుడు దించాలి అన్న ఎరుక ఆయనది. ఆ ఎరుకనే మనం హునర్ అంటాం.

జార్జ్ హునర్ ఎంపికలో ఉంది, బిగింపులో ఉంది. బండిని రెండుసార్లు కట్టేవాళ్ళు. మొదటిసారి అన్ని భాగాలూ పెట్టి, ఒకదానికొకటి అతికినట్టు కూర్చుంటున్నాయో లేదో చూసేవాళ్ళు. తర్వాత మళ్ళీ మొత్తం విప్పేసేవాళ్ళు. అప్పుడు రంగు వేసేది రంగుకు, నికెల్ పూత పూసేది పూతకు పంపి, తిరిగి వచ్చాక రెండోసారి, ఆఖరుసారి కట్టేవాళ్ళు. ఆ తర్వాత రోడ్డు మీద నడిపి చూసేవాళ్ళు. చెప్పిన వేగం రాకపోతే బండి మళ్ళీ లోపలికి. వచ్చినదానికే కాగితం.

1920ల మొదట్లో వచ్చిన ఎస్ఎస్ 80కి గంటకు 80 మైళ్ళ జమానత్. 1924లో వచ్చిన ఎస్ఎస్ 100కు 100 మైళ్ళ జమానత్. బండి పేరులోనే వాదా ఉంది. ముందు భాగం గుండ్రంగా, అద్దంలా మెరిసే నికెల్ పూతతో పెట్రోల్ ట్యాంకు. అంతకు ముందు ట్యాంకులు ఫ్రేము గొట్టాల మధ్య ఇరికించినట్టు ఉండేవి. బ్రఫ్ బండిలో ట్యాంకు గుర్రం మీద జీను వేసినట్టు గొట్టం పైనుంచి రెండు పక్కలకూ దిగేది. ఇవాళ మన పిల్లలు నడిపే బండి ట్యాంకు చూడండి, ఆ షకల్ అదే.

ఖీమత్ సంగతి. ఇంగ్లాండులో మామూలు కూలీకి వారానికి దాదాపు మూడు పౌండ్లు వచ్చే రోజుల్లో ఈ బండ్లు 100 నుంచి 185 పౌండ్ల దాకా పలికేవి. పెద్ద మాడల్ కొనాలంటే ఒక కార్మికుడు ఏడాదికి పైగా తినకుండా, తాగకుండా జీతమంతా దాచాలి. కనుక ఇది గరీబుల సవారీ కాదు. షౌకీన్ల బండి. 1919 నుంచి 1940 దాకా 21 ఏళ్ళల్లో మొత్తం 19 మాడళ్ళు కలిపి తయారైనవి 3,048 బండ్లేనని లెక్క. ఇవాళ్టి పెద్ద కంపెనీలు అన్ని బండ్లు ఒక్క రోజులో దించేస్తాయి.

ఒక మోటార్ సైకిల్ పత్రిక వాళ్ళు ఈ బండిని మోటార్ సైకిళ్ళలో రోల్స్ రాయిస్ అని మెచ్చుకున్నారు. జార్జ్ ఆ మాట పట్టుకుని తన ఇష్తిహార్లన్నిటిలో అచ్చేశాడు. రోల్స్ రాయిస్ కంపెనీకి తన పేరంటే పట్టింపు ఎక్కువ. వాళ్ళ మనిషి ఒకాయన నిజానిజాలు చూసిపోదామని కార్ఖానాకు వచ్చాడని, ఆ సమయానికి ప్రదర్శనకు పంపాల్సిన బండ్లను కారీగర్లు వేలిముద్ర పడకుండా తెల్ల గ్లౌజులు తొడుక్కుని బిగిస్తున్నారని, అది చూసి ఇంకేం మాట్లాడకుండా వెళ్ళిపోయాడని ఒక కిస్సా ప్రచారంలో ఉంది. ఆ గ్లౌజులు బండి మెరుపు కోసం, రోజూ తొడుక్కునేవి కావని కూడా చెబుతారు. ఏదైతేనేం, రోల్స్ రాయిస్ వాళ్ళు ఆ మాట వాడొద్దని అనలేదు.

వేగం పిచ్చి

జార్జ్ బ్రఫ్ గద్దీ మీద కూర్చుని లెక్కలు చూసుకునే సేట్ కాదు. తన బండి తానే నడిపేవాడు. ఓల్డ్ బిల్ అని ముద్దుపేరు పెట్టుకున్న బండి మీద 1922, 23 సంవత్సరాల్లో 52 పందాల్లో దిగి 51 గెలిచాడని చెబుతారు. ఆ మిగిలిన ఒక్క పందెంలో బండి మీద నుంచి పడిపోయాడు. బండి మాత్రం మనిషి లేకుండానే గీత దాటిందట. నవ్వొచ్చే మాటే. కానీ కాస్త ఆగి ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. బండి గెలిచింది, మనిషి దారిలో పడి ఉన్నాడు.

ఎరిక్ ఫెర్నీహఫ్ అనే సవార్ 1937లో హంగరీలోని గ్యోన్ దగ్గర తిన్నటి రోడ్డు మీద బ్రఫ్ సుపీరియర్‌ను గంటకు దాదాపు 170 మైళ్ళ వేగంతో నడిపి ప్రపంచ రికార్డు సాధించాడు. అంటే 270 కిలోమీటర్లకు పైనే. ఏడాది తర్వాత, 1938లో, ఇంకా వేగం కోసం అదే రోడ్డుకు మళ్ళీ వెళ్ళాడు. అక్కడే పోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పందాల మైదానంలో వాళ్ళకు తల సంగతి అప్పటికే తెలుసు. ఎరిక్ గార్డ్‌నర్ అనే డాక్టరు లండన్ దగ్గరి బ్రూక్‌లాండ్స్ పందాల ట్రాక్‌లో పడినవాళ్ళ తల గాయాలు చూసి చూసి విసిగిపోయాడు. మందపాటి కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపీ లాంటిది చేయించాడు. 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే టీటీ పందాల్లో అది తప్పనిసరి అయింది. అంటే రోగం తెలుసు, దవా కూడా ఉంది. కానీ అది పందాలవాళ్ళ సరంజామా అనుకున్నారు. మామూలు రోడ్డు మీద మామూలు మనిషికి దాంతో పనేముంది? జార్జ్ బ్రఫ్ ఫోటోల్లో కూడా నెత్తి మీద గుడ్డ టోపీయే కనిపిస్తుంది. అది ఆయన షాన్. ఆ కాలపు సవార్లందరూ అట్లాగే తిరిగారు.

కరాచీలో దాక్కున్న మనిషి

ఇప్పుడు ఆ మషూర్ మనిషి దగ్గరికి వస్తాను. టి.ఇ. లారెన్స్. లోకం ఆయన్ని లారెన్స్ ఆఫ్ అరేబియా అంటుంది.

మన ఇళ్ళల్లో ఈ పేరు చెబితే రెండు రకాల చూపులు కనిపిస్తాయి. సినిమా చూసినవాళ్ళకు ఆయన ఒంటె మీద తెల్లబట్టల హీరో. తారీఖ్ చదివినవాళ్ళకు ఆయన పేరు వెంటే ధోకా అన్న మాట వస్తుంది. 1916లో మక్కా షరీఫ్ హుసైన్ ఉస్మానియా సల్తనత్ మీద బగావత్ చేసినప్పుడు, అరబ్బులకు ఆజాదీ ఇప్పిస్తామని బ్రిటిష్ వాళ్ళు వాదా చేశారు. షరీఫ్ కొడుకు ఫైసల్ పక్కన నిలబడి ఆ వాదాను మోసుకు తిరిగిన అఫ్సర్ లారెన్స్. అదే ఏడాది సైక్స్, పీకో అనే ఇద్దరు కూర్చుని అరబ్బు నేలను బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య గీత గీసి పంచేసుకున్నారు. 1918లో దమిష్క్‌లోకి గెలిచి వెళ్ళిన ఫైసల్‌ను 1920లో ఫ్రెంచి ఫౌజు తరిమేసింది. తర్వాత బ్రిటిష్ వాళ్ళు ఆయన్ని ఇరాక్‌లో బాద్‌షాను చేశారు. ఆజాదీ మాత్రం వాదాగానే మిగిలింది.

తను మోసుకు తిరిగిన వాదా నిలబడదని తనకు ముందే తెలుసని లారెన్స్ స్వయంగా రాసుకున్నాడు. ఆయన్ని మాఫ్ చేయాలా వద్దా అన్నది ఇక్కడ నా విషయం కాదు. కానీ ఆ తర్వాత ఆయన బతికిన తీరు మాత్రం విచిత్రం. కర్నల్ హోదా వదిలేసి, 1922లో పేరు మార్చుకుని రాయల్ ఎయిర్ ఫోర్సులో మామూలు సిపాయిగా చేరాడు. పత్రికలు పసిగట్టాయి, తీసేశారు. ఇంకో పేరుతో ట్యాంకుల ఫౌజులో చేరాడు. మళ్ళీ 1925లో ఎయిర్ ఫోర్సుకే వచ్చాడు. అప్పటి పేరు షా.

1927 జనవరిలో ఆయన హిందూస్తాన్ చేరాడు. కరాచీలో డ్రిగ్ రోడ్డు డిపోలో గుమస్తా పని. తర్వాత వజీరిస్తాన్‌లోని మీరాన్‌షా. అక్కడుండగా అఫ్ఘానిస్తాన్‌లో అమానుల్లా బాద్‌షా మీద బగావత్ లేచింది. దీని వెనక లారెన్స్ ఉన్నాడంటూ అఖ్బార్లలో అఫ్వాలు గుప్పుమన్నాయి. ఒకసారి ధోకా పేరు పడ్డాక మనిషి గదిలో కూర్చుని కాగితాలు రాసుకుంటున్నా ఎవరూ నమ్మరు. 1929 జనవరిలో బ్రిటిష్ సర్కార్ ఆయన్ని వెనక్కి పిలిపించుకుంది.

పేరు, హోదా, దౌలత్ అన్నీ వదులుకున్న ఆ మనిషి వదలని షౌక్ ఒక్కటే. బ్రఫ్ సుపీరియర్. ఒకటి పాతబడితే ఇంకొకటి, మొత్తం ఏడు బండ్లు మార్చాడు. ఎనిమిదోది ఆర్డర్ ఇచ్చి ఉన్నాడు. ఇంజీల్‌లో వచ్చే బొవనెర్గెస్ అన్న పేరు పెట్టుకున్నాడు. ఉరుము కొడుకులు అని దాని అర్థం. జార్జ్ బ్రఫ్‌కు స్వయంగా ఖత్‌లు రాసేవాడు. విమానంతో పోటీపడి బండి నడిపిన అనుభవాన్ని తన పుస్తకంలో రాశాడు. ఆ బండి మీద ఉన్నంతసేపూ లారెన్స్ అనే పేరు తన వెంట పడలేకపోయిందేమో అని నాకనిపిస్తుంది.

ఆ పల్లం

1935 ఫిబ్రవరిలో నౌకరీ ముగిసింది. డార్సెట్ అనే పల్లెటూరి ప్రాంతంలో క్లౌడ్స్ హిల్ అనే చిన్న ఇంట్లో ఉండేవాడు. మే 13 పొద్దున దగ్గర్లోని బోవింగ్టన్ క్యాంపుకు బండి మీద వెళ్ళాడు. పోస్టాఫీసులో తార్ ఇచ్చాడు. తిరిగి వస్తున్నాడు. ఇల్లు ఇంకెంతో దూరం లేదు. దారిలో పల్లం. పల్లం అవతల సైకిళ్ళ మీద ఇద్దరు పిల్లలు వెళుతున్నారు. దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. వాళ్ళను తప్పించబోయాడు. బండి అదుపు తప్పింది. తల నేలకు తగిలింది. నెత్తి మీద ఏమీ లేదు.

వేగం ఎంత? చూసినతను 50, 60 మైళ్ళ మధ్య అన్నాడు. ప్రమాదం తర్వాత బండి రెండో గేరులో ఉన్నట్టు కనబడింది. ఆ గేరులో వేగం 38 మైళ్ళు దాటదు. ఏది నిజమైనా 100 మైళ్ళు మాత్రం కాదు. 38 మైళ్ళంటే 60 కిలోమీటర్లు. పాలు తేవడానికి వెళ్ళే పిల్లాడు కూడా ఖాళీ రోడ్డు కనిపిస్తే అందుకునే వేగం.

ఆరు రోజులు స్పృహ లేదు. 19 తారీఖున పోయాడు. 46 ఏళ్ళు. దగ్గర్లోని మోర్టన్ అనే ఊళ్ళో దఫన్ చేశారు. చర్చిల్ కూడా వచ్చాడు.

ఆ ఆరు రోజుల్లో ఆయన్ని చూడ్డానికి పిలిపించిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లాండులో పేరు తెచ్చుకున్న మెదడు సర్జన్. ఆయన చేయగలిగిందేమీ లేకపోయింది. కానీ ఆ మౌత్ ఆయన్ని వదల్లేదు. యుద్ధం మొదలయ్యాక ఫౌజులో ఖత్‌లు, హుకుములు మోసే మోటార్ సైకిల్ సిపాయిలు తల పగిలి వరసగా వస్తుంటే లెక్క తీయడం మొదలుపెట్టాడు.

1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన రాసిన వ్యాసం అచ్చయింది. యుద్ధం మొదలైన తొలి 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద 2,279 మంది మోటార్ సైకిల్ నడిపేవాళ్ళు, వెనక కూర్చున్నవాళ్ళు చనిపోయారు. అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసింది తల గాయం. హెల్మెట్ పెట్టుకుని గాయపడినవాళ్ళు ఆయనకు దొరికింది ఏడుగురే. ఆ ఏడుగురిలో ఒక్కరూ చనిపోలేదు.

ఏడు చిన్న అంకె. దాంతో తుది తీర్పు చెప్పలేం. కానీ ఆయన చెప్పిన మాట ఫౌజు విన్నది. 1941 నవంబర్‌లో డ్యూటీ మీద బండి నడిపే ఫౌజీలందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఆ తర్వాత మౌత్‌లు తగ్గాయని 1946లో రాసిన ఇంకో వ్యాసంలో నెలవారీ లెక్కలతో చూపించాడు కెయిర్న్స్. మామూలు జనం కూడా పెట్టుకుంటే ఎన్నో ప్రాణాలు మిగులుతాయన్నాడు. సర్కార్ విన్నదా? 1952లో కెయిర్న్స్ పోయాడు. బ్రిటన్‌లో మోటార్ సైకిల్ నడిపే అందరికీ హెల్మెట్ తప్పనిసరి అయింది 1973లో. ఆయన మొదటి వ్యాసం వచ్చిన 32 ఏళ్ళకు. గార్డ్‌నర్ డాక్టరు లక్క టోపీ చేయించిన 59 ఏళ్ళకు.

హైదరాబాద్ పేరు రాసుకున్న విమానాలు

జార్జ్ బ్రఫ్ కార్ఖానాకు ఏమైందో చెప్పాలి. 1938లో ఆయన నాలుగు సిలిండర్ల కొత్త బండి తయారు చేసి ప్రదర్శనలో పెట్టాడు. పేరు గోల్డెన్ డ్రీమ్. సునహ్రా ఖ్వాబ్ అన్నమాట. అది ఖ్వాబ్‌గానే ఉండిపోయింది. యుద్ధం వచ్చింది. 1940లో మోటార్ సైకిళ్ళు చేయడం ఆగిపోయింది. కార్ఖానా సర్కార్ పనికి మళ్ళింది. తన పేరు వాడుకోనిచ్చిన ఆ రోల్స్ రాయిస్ కంపెనీ మెర్లిన్ విమాన ఇంజన్లకు క్రాంక్‌షాఫ్టులు చేసిపెట్టారు. వెంట్రుకవాసి తేడా రాకూడని పని అది. బండిని రెండుసార్లు కట్టే చేతులకే దొరుకుతుంది.

ఇక్కడ మనకు ఒక చిన్న చుట్టరికం ఉంది. ఆ మెర్లిన్ ఇంజన్లే స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలను నడిపాయి. స్పిట్‌ఫైర్లు నడిపిన దళాల్లో ఒకటి 152వ స్క్వాడ్రన్. దాని పూర్తి పేరులో హైదరాబాద్ ఉంది. నిజామ్ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన పైసలతో నిలబడిన దళం కాబట్టి ఆ పేరు. దాని నిషానీ మీద నిజామ్ దస్తార్ ఉంటుంది. 1940లో జర్మనీ విమానాలు ఇంగ్లాండు మీద విరుచుకుపడ్డప్పుడు ఆ హైదరాబాద్ స్క్వాడ్రన్ మకాం డార్సెట్‌లోని వార్మ్‌వెల్ మైదానంలో. లారెన్స్ సమాధి ఉన్న మోర్టన్‌కు అది కొద్ది మైళ్ళే. అరబ్బుల పేరు మోసిన మనిషి నిద్రపోతున్న చోటుకు దగ్గర్లో, దక్కన్ పేరు మోసిన విమానాలు లేచాయి. తారీఖ్ ఎవరెవరిని ఎక్కడెక్కడ కలుపుతుందో చూడండి.

యుద్ధం అయిపోయింది కానీ బ్రఫ్ సుపీరియర్ తిరిగి రాలేదు. ఆయనకు నచ్చే స్థాయి ఇంజన్ దొరకలేదు. జనం చేతిలో పైసల్లేవు. రెండో రకం బండి మీద తన పేరు వేసుకోవడం జార్జ్‌కు ఇష్టం లేదు. పాత బండ్లకు విడిభాగాలు ఇస్తూ ఉండిపోయాడు. 1970లో పోయాడు. ఈ మధ్య కాలంలో ఆ పేరు కొన్నవాళ్ళు ఫ్రాన్సులోని తులూజ్‌లో కొత్త ఎస్ఎస్ 100లు తయారు చేస్తున్నారు. అవి కూడా అమీర్ల సవారీయే. పాతవాటి ధర మరీ వింత. కార్న్‌వాల్‌లో ఒక కొట్టంలో తుప్పు పట్టి పడి ఉన్న కొన్ని బ్రఫ్‌లను 2016లో వేలం వేస్తే, వాటిలో ఒక్కటే 3 లక్షల 30 వేల పౌండ్లకు పైగా పలికింది. తుప్పుకు అంత ఖీమత్!

రెండో కాగితం

బ్రఫ్ సుపీరియర్ కథను చాలామంది వేగం కథగా, దౌలత్ కథగా చెబుతారు. నాకు అది జిమ్మేదారీ కథగా కనిపిస్తుంది. ఒక కారీగర్ తను చేసిన వస్తువుకు చివరిదాకా జామీన్ ఉన్నాడు. పడింది బండి లోపం వల్ల కాదు. ఆ బండిని తర్వాత బాగుచేశారు కూడా. ఇనుమును తిరిగి అతికించవచ్చు. తలను కుదరదు. ఇనుముకు జమానత్ రాసిన లోకం, తలకు జమానత్ ఎవరిదని అడగడానికి ఇంకో డాక్టరు, ఇంకో వ్యాసం, ఇంకో 32 ఏళ్ళు పట్టింది.

జర్నలిస్టుగా నా బల్ల మీదికి వచ్చే ఖబర్లలో అన్నిటికంటే చిన్నగా అచ్చయ్యేది బైకు హాదిసా. నాలుగు వరసలు. పేరు, వయసు, ఊరు, తలకు బలమైన గాయం. వయసు దగ్గర ఎక్కువసార్లు 20 చుట్టూ ఉన్న అంకె ఉంటుంది. ఆ నాలుగు వరసల వెనక ఒక అమ్మీ ఉంటుంది, కిస్తులు ఇంకా తీరని బండి ఉంటుంది.

మన ఇళ్ళల్లో ఇంటర్ పాసైన బేటాకు బండి ఇప్పించడం ఒక ఖుషీ. గల్ఫ్ నుంచి మామూ పైసలు పంపుతాడు, అబ్బా ఫైనాన్స్‌లో దస్తఖత్ పెడతాడు. షోరూమ్‌లో మైలేజీ అడుగుతాం, ఇంజన్ గ్యారంటీ ఎన్నేళ్ళో అడుగుతాం. హెల్మెట్ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన దొరికే అగ్గువది చాలనుకుంటాం. చలాన్ తప్పించుకోవడానికే కదా అన్నట్టు. అది కూడా పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని నడుపుతారు పిల్లలు. చౌరస్తాలో పోలీసు కనిపిస్తే తలకెక్కుతుంది. రమ్జాన్ రాత్రుల్లో, ఈద్ రోజున అయితే అదీ ఉండదు. ఒక్కో బండి మీద ముగ్గురు, తలల మీద కొత్త టోపీలు. గల్లీలోనే కదా, పక్క మొహల్లాకే కదా అంటారు. లారెన్స్ కూడా పోస్టాఫీసుకే వెళ్ళాడు. ఇంటికి దగ్గర్లోనే పడ్డాడు.

హెల్మెట్ పెట్టుకుంటే చావు రాదని నేననను. మౌత్ తారీఖ్ మన చేతిలో లేదు. కానీ తల మన చేతిలో పెట్టిన అమానత్. దాన్ని కాపాడుకోవడం మన పని.

అందుకే బేటాకు బండి కొనే వాల్దైన్‌కు నాదొక మాట. షోరూమ్‌వాడు ఇచ్చే గ్యారంటీ కాగితం జాగ్రత్తగా బీరువాలో దాచుకోండి. ఆ రోజే ఐఎస్ఐ ముద్ర ఉన్న మంచి హెల్మెట్ రెండు కొనండి, ఒకటి నడిపేవాడికి, ఒకటి వెనక కూర్చునేవాళ్ళకు. పట్టీ గడ్డం కింద బిగించడం దగ్గరుండి నేర్పండి. తాళంచెవి ఆ తర్వాత ఇవ్వండి. ఇంజన్‌కు జామీన్ కంపెనీవాడు ఉన్నాడు. పిల్లాడి తలకు జామీన్ ఉండాల్సింది మనమే.